బడిలో పనిచేసే థెరపిస్టులకు ఎనిమిది వారాల ఆన్‌లైన్ శిక్షణ: చేరి, పూర్తిచేసి రాస్తున్న సమీక్ష

రాయడం, తినడం, బట్టలు వేసుకోవడం లాంటి రోజువారీ పనుల్లో ఇబ్బందిపడేవాళ్లకు సాయపడే ఆక్యుపేషనల్ థెరపీలో డిగ్రీ చేతికొచ్చి పదకొండేళ్లయింది. మొదటి ఆరేళ్లు ఆసుపత్రిలో పనిచేశాను. తర్వాతి ఐదేళ్లుగా విజయవాడలో ఒక ప్రైవేటు పాఠశాలలో పనిచేస్తూ, వారానికి ఒక పూట దగ్గరి మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రానికి వెళ్తున్నాను. ఈ కాలంలో సొంత డబ్బుతో చాలా శిక్షణలకు హాజరయ్యాను. వాటిలో పిల్లల దగ్గర నేను చేసే పనిని నిజంగా మార్చినది ఒక్కటే. పాఠశాలల్లో పనిచేసే థెరపిస్టుల కోసం ఒక విదేశీ సంస్థ నడిపే ఎనిమిది వారాల ఆన్‌లైన్ కోర్సు అది. లోపాలు కూడా రాస్తున్నాను కాబట్టి సంస్థ పేరు చెప్పడం లేదు. ఇలాంటి కోర్సులు ఇప్పుడు చాలానే దొరుకుతున్నాయి. డబ్బు కట్టే ముందు ఏం చూసుకోవాలో తెలిస్తే, పేరు లేకపోయినా ఈ సమీక్ష ఉపయోగపడుతుందని నా నమ్మకం.

అసలు ఈ కోర్సులు ఎవరిని దృష్టిలో పెట్టుకుని తయారవుతాయో ముందుగా గమనించాలి. అమెరికాలో ఆక్యుపేషనల్ థెరపిస్టు తన జాతీయ ధ్రువీకరణను నిలుపుకోవాలంటే మూడేళ్లలో 36 యూనిట్ల నిరంతర విద్య, అంటే ఉద్యోగంలో ఉంటూ కొనసాగించే చదువు, చూపించాలి. స్పీచ్ థెరపిస్టులకు వాళ్ల జాతీయ సంఘం మూడేళ్లకు 30 గంటలు విధించింది. గడువు దగ్గరపడేకొద్దీ గంటలు లెక్క చూసుకునే వేలమంది అక్కడ ఉంటారు కాబట్టి, కోర్సులు అమ్మే సంస్థలకు అది స్థిరమైన గిరాకీ. మన దేశంలో స్పీచ్ థెరపిస్టులు, ప్రత్యేక ఉపాధ్యాయులు 1992 నాటి చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలిలో నమోదై ఉంటారు. నమోదు పునరుద్ధరణకు వాళ్లు సీఆర్‌ఈ (నిరంతర పునరావాస విద్య) పాయింట్లు సంపాదించుకోవాలి. మా ఆక్యుపేషనల్ థెరపిస్టులూ ఫిజియోథెరపిస్టులూ ఆ మండలి పరిధిలోకి రారు, మమ్మల్ని 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టంలో చేర్చారు. అందువల్ల ఇన్నాళ్లూ మా చదువు చాలావరకు మా ఇష్టం, మా జేబు మీదే నడిచింది. ఇంత ఖర్చు పెట్టుకుని వెళ్లేవాళ్లం పత్రం కోసం వెళ్లం, పిల్లల కోసమే వెళ్తాం. కాబట్టి కోర్సును తూచడానికి నా దగ్గరున్న తూనిక ఒక్కటే: శిక్షణ అయిన తర్వాతి సోమవారం ఉదయం తరగతి గదిలో నేను చేసే పనిలో ఏమైనా మారిందా?

ఆ తూనికకు నిలవని ఒక అనుభవాన్ని ముందు చెప్తాను. అంతకు ముందు ఏడాది హైదరాబాదులో ఒక హోటల్ హాలులో జరిగిన రెండు రోజుల శిక్షణకు పద్దెనిమిది వేలు కట్టి, బస ఖర్చు వేరే పెట్టుకుని వెళ్లాను. పిల్లల ఇంద్రియ సమన్వయం గురించిన శిక్షణ అది, అంటే చూపు, శబ్దం, స్పర్శ లాంటివాటిని మెదడు కలిపి అర్థం చేసుకునే తీరు గురించి. నూట నలభై మంది కూర్చున్న హాలులో, వేదిక మీద ఒక బొమ్మకు బరువు జాకెట్ తొడిగి, చేతులకు బ్రష్షుతో రుద్దడం చూపించారు. మా చేత ఒక్క పిల్లవాణ్నీ పరీక్షింపజేయలేదు, ఒక్క కేసు రాయించలేదు. ఇంద్రియ చికిత్సల మీద పరిశోధన పరిమితంగానే ఉందనీ, దేనికీ గట్టి నిర్ధారణ ఇవ్వలేకపోతోందనీ, ఆ మాట తల్లిదండ్రులకు చెప్పాలనీ అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2012లోనే ప్రకటించింది. ఇంద్రియ సంబంధమైన ఇబ్బంది ఉన్నట్లు పరీక్షలో నమోదు కాకుండా పిల్లలకు ఆ పద్ధతులు వాడవద్దని అక్కడి ఆక్యుపేషనల్ థెరపిస్టుల సంఘం 2018లో తన సభ్యులకే చెప్పింది. ఆ రెండు రోజుల్లో ఈ రెండింటి ప్రస్తావన ఒక్కసారి కూడా రాలేదు. హాలు బయట బల్ల మీద మాత్రం ఆ బరువు జాకెట్లు అమ్మకానికి పెట్టి ఉన్నాయి. ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు ధ్రువపత్రం చేతికిచ్చారు. సోమవారం మా బడిలో ఏమీ మారలేదు.

ఇప్పుడు నేను సమీక్షిస్తున్న కోర్సుకు నాకైన ఖర్చు మన రూపాయల్లో ఇరవై ఆరు వేల అయిదు వందలు. వారానికి రెండు గంటల రికార్డు పాఠాలు, ఒక గంట ప్రత్యక్ష తరగతి, ముగ్గురు ముగ్గురిని ఒక జట్టుగా చేసి ప్రతి జట్టుకూ ఒక అనుభవజ్ఞురాలైన థెరపిస్టుతో వారానికి అరగంట సంప్రదింపు. వాళ్లు దాన్ని మెంటర్ సమావేశం అంటారు. ఇంకా, మనం పనిచేస్తున్న ఒక పిల్లవాడిని ఎంచుకుని, తల్లిదండ్రుల అనుమతితో చిన్న వీడియోలు తీసి పంపాలి. మెంటర్ వాటిని చూసి నిమిషాలు గుర్తుపెట్టి మరీ వ్యాఖ్యలు రాస్తారు. నా దృష్టిలో కట్టిన డబ్బులో ముప్పాతిక భాగం విలువ ఈ వీడియో వ్యాఖ్యల దగ్గరే ఉంది. రికార్డు పాఠాలు బాగానే ఉన్నాయి గానీ, అంత మాత్రం విషయం ఓపికగా వెతికితే ఉచితంగానే దొరుకుతుంది.

మూడో వారం పాఠం చేతిరాత గురించి. మా బడికి థెరపీ కోసం పంపే పిల్లల్లో ఎక్కువమంది రాత బాగాలేదనే వస్తారు, కాబట్టి ఆ వారం కోసం ఎదురుచూశాను. పాఠంలో 2011లో కెనడా పరిశోధకులు ప్రచురించిన ఒక సమీక్షను వివరంగా చదివించారు. చేతిరాత మీద అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి చూస్తే, రాత సాధన లేని చికిత్సలేవీ రాతను బాగుచేయలేదనీ, సాధన ఉన్నా ఇరవై విడతల కంటే తక్కువైతే ఫలితం రాలేదనీ అందులో తేలింది. ఆ పాఠం విన్న రాత్రి నా పాత రికార్డులు తీసి చూసుకున్నాను. పిల్లల చేత చపాతీ పిండి పిసికించడం, బట్టల క్లిప్పులు తీయించి పెట్టించడం, పూసలు గుచ్చించడం నెలల తరబడి చేశాను. వేళ్లకు బలం వస్తే రాత దానంతటదే వస్తుందని మా చదువులో మేం నేర్చుకున్నది. ఒక పాప విషయంలో నాలుగు నెలల్లో ఆమె నా గదిలో పెన్సిల్ పట్టుకుని రాసినది మొత్తం కలిపి గంటన్నర కూడా లేదు. ఆ తల్లి ప్రతి వారం రెండు బస్సులు మారి వచ్చేది. ఈ పరిశోధన నాకు నాలుగేళ్ల ముందే అంది ఉంటే ఆ సమయం వృథా అయ్యేది కాదు. అందుకే నిరంతర విద్యను నేను పిల్లలకు మనం పడిన బాకీగా చూస్తాను.

అయితే ఆ పాఠంలో ఒక పెద్ద ఖాళీ ఉంది. ఉదాహరణలన్నీ ఇంగ్లీషు అక్షరాలవే: నిలువు గీత, అడ్డ గీత, నాలుగు గీతల నోటులో పైకి వెళ్లే అక్షరం, కిందికి దిగే అక్షరం. నేనూ ఆ దారిలోనే ఆలోచించి, మూడో తరగతి బాబు ఒకడు ఇంగ్లీషు చూసి రాస్తున్న వీడియో పంపాను. మా జట్టు మెంటర్ గుంటూరు నుంచి వెళ్లి టెక్సాస్‌లో బడి పిల్లలతో చాలాకాలంగా పనిచేస్తున్న ఆవిడ కావడం నా అదృష్టం. ఆవిడ వీడియో చూసి, జట్టులో మూడో మనిషికి క్షమాపణ చెప్పి, తెలుగులోనే అడిగారు: “బాబు ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో రోజూ రాసేది తెలుగు. మరి వీడియోలో తెలుగు అక్షరం ఒక్కటీ లేదేమండీ?”

నా దగ్గర జవాబు లేదు. తర్వాతి వారమంతా ఆ బాబు తెలుగు నోటు పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాను. మన అక్షరం గీతల మీద నిలబడేది కాదు, గుండ్రంగా తిరిగేది. ఒక అక్షరం పూర్తయ్యేలోగా చెయ్యి దిశ ఎన్నోసార్లు మారుతుంది. తలకట్టు కోసం పెన్సిల్ ఎత్తి మళ్లీ పెట్టాలి. గుడి, కొమ్ము, ఏత్వం పైనా పక్కనా చేరతాయి. ఒత్తు కిందికి దిగుతుంది. పిల్లవాడు ఒకే అక్షరం కోసం పైన, నడుమ, కింద మూడు చోట్ల స్థలం చూసుకోవాలి. ఆ బాబు నోటులో “బొమ్మ” అనే మాట దగ్గర నేను ఆగిపోయాను. “బొ” బాగానే కుదిరింది. “మ” తలకట్టు అక్షరాన్ని వదిలేసి పై గీతను తాకుతోంది. దాని కింద రావలసిన మ ఒత్తు కింది వరుసలోకి జారి, ఆ వరుసలోని మాట నెత్తిన కూర్చుంది. దాంతో కింది మాట ఏదో టీచరుకు అర్థం కాక ఎర్ర సున్నా చుట్టారు. ఆ పేజీలో అలాంటి సున్నాలు తొమ్మిది ఉన్నాయి. తొమ్మిదిలో ఏడు ఒత్తు జారిన చోటే పడ్డాయి. వాడికి అక్షరాలు వచ్చు, వేళ్లలో బలమూ ఉంది. సింగిల్ రూల్ నోటులో ఒత్తుకు చోటు ఎక్కడుందో వాడికి తెలియడం లేదు, ఎవరూ చెప్పనూ లేదు.

ఆ వారం కోర్సులో పాఠం కో-ఆప్ పద్ధతి గురించి. కెనడాలో హెలెన్ పొలటైకో, ఏంజెలా మాండిచ్ రూపొందించిన ఈ పద్ధతిలో థెరపిస్టు పరిష్కారం చెప్పరు. లక్ష్యం, ఉపాయం, చేసి చూడడం, సరిచూసుకోవడం అనే నాలుగు మెట్ల మీద పిల్లవాడే తన ఉపాయం కనిపెట్టేలా ప్రశ్నలు అడుగుతారు. నోటు బాబు ముందు పెట్టి, నువ్వు రాసినదాంట్లో టీచర్ చదవలేకపోయింది ఎక్కడ అని అడిగాను. వాడు కాసేపు వేలితో పేజీ అంతా తిరిగి, “ఒత్తు కింద లైన్‌లో పడిపోతోంది టీచర్” అన్నాడు. పడిపోకుండా ఉండాలంటే ఏం చేద్దాం అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. చెప్పేయాలని నాకు ఎంత అనిపించినా, వీడియోలో నా గొంతు వినిపిస్తే మెంటర్ గారు గుర్తుపెడతారని ఊరుకున్నాను. చివరికి వాడే, “ఒక లైన్ వదిలేసి రాస్తా” అన్నాడు. అంత చిన్న ఉపాయం, కానీ అది వాడిది.

క్లాసు టీచర్ మొదట ఒప్పుకోలేదు. లైన్ వదిలితే నోటు నెలకే అయిపోతుంది, తల్లిదండ్రులు అడుగుతారు అన్నారు. ఆవిడ మాట అన్యాయమేమీ కాదు, నలభై మంది పిల్లల నోట్లు దిద్దే మనిషి ఆవిడ. కోర్సులో అయిదో వారం పాఠం అచ్చంగా దీని గురించే: పిల్లవాణ్ని తరగతి నుంచి పక్క గదికి తీసుకుపోయి చేసే చికిత్స కంటే, టీచరుతో కలిసి తరగతిలోనే చేసే మార్పు ఎందుకు నిలుస్తుంది, టీచరును ఒప్పించడానికి ముందు ఆమె పని ఎలా గమనించాలి అన్న విషయం. నేను రెండు రోజులు తెలుగు పీరియడులో వెనక బెంచీలో కూర్చున్నాను. బోర్డు మీద నుంచి ఎక్కించుకునే రాత ఎంత పొడవుంటుందో, బాబు ఎక్కడ వెనకబడుతున్నాడో ఇద్దరం కలిసి చూశాం. ఇంటి రాతకు లైన్ వదిలి రాసేట్టూ, బడిలో సగం వాక్యాలు రాస్తే చాలనేట్టూ ఆవిడే నిర్ణయించారు. ఏటవాలు బల్లకు బదులు పరీక్ష అట్ట కింద రెండు పుస్తకాలు పెట్టాం. రోజుకు పదిహేను నిమిషాల చొప్పున ఇరవై నాలుగు విడతలు సాధన జరిగింది, అందులో సగానికి పైగా నేను లేకుండానే, టీచర్ దగ్గరే జరిగింది.

ఫలితం కొలవడానికి లక్ష్య సాధన కొలమానం అనే పద్ధతి నేర్పారు. 1968లో మానసిక ఆరోగ్య సేవల కోసం కిరెసుక్, షెర్మన్ అనేవాళ్లు తయారుచేసిన కొలమానం ఇది. మైనస్ రెండు నుంచి ప్లస్ రెండు దాకా అయిదు మెట్లు ముందే మాటల్లో రాసుకోవాలి. మా బాబుకు మైనస్ రెండు అంటే పది ఒత్తు పదాల్లో మూడు మాత్రమే చదవగలిగేలా ఉండడం, సున్నా అంటే ఏడు. కోర్సు అయ్యేనాటికి ఎనిమిది వచ్చాయి. ఇది ఒక పిల్లవాడి లెక్క, దీన్ని పట్టుకుని పద్ధతి గొప్పదని నేను వాదించను. కానీ తల్లికి చూపించినప్పుడు ఆమెకు వెంటనే అర్థమైన కొలత ఇదొక్కటే. ఇంతకు ముందు నేను రాసి ఇచ్చే నివేదికలో “సూక్ష్మ చలన నైపుణ్యాలలో మెరుగుదల” అని ఉండేది, దాన్ని చదివి ఎవరూ ఏమీ అడగలేకపోయేవారు.

మస్తిష్క పక్షవాతం (సెరిబ్రల్ పాల్సీ) మీద ఆరో వారం కూడా బాగుంది. ఆస్ట్రేలియాకు చెందిన అయోనా నొవాక్ బృందం 2013లో చికిత్సలన్నిటినీ ట్రాఫిక్ దీపాల రంగుల్లో విడదీసిన సమీక్షను ఆధారం చేసుకుని నడిచింది. బాగున్న చేతిని కట్టి బలహీనమైన చేతికి పనిచెప్పే చికిత్స, రెండు చేతుల సాధన, లక్ష్యం పెట్టుకుని చేసే సాధన పచ్చ రంగులో ఉన్నాయి. మన ఊళ్లలో కొందరు తల్లిదండ్రులు అప్పుచేసి మరీ పెట్టిస్తున్న హైపర్‌బారిక్ ఆక్సిజన్, అంటే ఎక్కువ పీడనం ఉన్న గదిలో ఆక్సిజన్ పీల్పించే చికిత్స, ఎరుపులో ఉంది. భవిత కేంద్రంలో ఒక తండ్రికి ఆ రంగుల పటం చూపించి మాట్లాడగలిగాను.

ఇక లోపాలు. మొదటి వారం, ఏడో వారం దాదాపు పూర్తిగా అమెరికా చట్టాలకే పోయాయి. 1975లో వచ్చి, 1990లో పేరు మారి, 2004లో సవరించిన వాళ్ల ప్రత్యేక విద్యా చట్టం, దాని కింద ప్రతి పిల్లవాడికీ రాసే వ్యక్తిగత విద్యా ప్రణాళిక, సమావేశంలో ఎవరెవరు కూర్చోవాలి, ఏ పత్రం ఎన్ని రోజుల్లో ఇవ్వాలి లాంటి వివరాలు నా పనికి ఉపయోగపడవు. పోలిక కోసం తెలుసుకోవడం మంచిదే. అక్కడ అవసరమైన థెరపీ కూడా పిల్లవాడి విద్యా హక్కులో భాగంగా బడిలోనే అందాలని చట్టం చెబుతుంది. మన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, నిర్దేశిత స్థాయి వైకల్యం ఉన్న పిల్లలకు ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచిత విద్య హక్కు ఇచ్చింది. కానీ ప్రభుత్వ బడి పిల్లల విషయంలో నేను చూసినంతవరకు థెరపిస్టు బడికి రావడం కంటే, తల్లి పిల్లవాణ్ని ఎత్తుకుని భవిత కేంద్రానికి రావడమే ఎక్కువ. ఆ తేడా గురించి మాట్లాడడానికి ప్రత్యక్ష తరగతిలో ఇతర దేశాల వాళ్లకు పది నిమిషాలైనా ఇచ్చి ఉండాల్సింది. రెండుసార్లు అడిగినా ఇవ్వలేదు.

ప్రత్యక్ష తరగతి మనకు తెల్లవారుజామున నాలుగున్నరకు. ఎనిమిది వారాలు అలారం పెట్టుకుని లేవడం, ఏడున్నరకల్లా బడి బస్సు అందుకోవడం ఇంట్లో చిన్నపిల్లలున్న వాళ్లకు తేలిక కాదు. రికార్డు తర్వాత చూడవచ్చు గానీ, చూసినవాళ్లకు హాజరు గంటల్లో సగమే లెక్కిస్తారు. ఈ నియమం డబ్బు కట్టిన తర్వాతే బయటపడింది.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది అనుమతి పత్రం. వీడియో తీయడానికి తల్లిదండ్రులు సంతకం చేయాల్సిన పత్రం నాలుగు పేజీలు, అంతా ఇంగ్లీషు. బాబు తల్లి పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదువుకున్న మనిషి. నేను కూర్చుని మొత్తం తెలుగులోకి రాసి ఆమెకు చదివి వినిపించాను. అంతా విని ఆమె అడిగింది ఒకే ప్రశ్న: “ఈ వీడియో ఎవరెవరు చూస్తారు మేడమ్? అయిపోయాక తీసేస్తారా?” పత్రంలో దానికి స్పష్టమైన జవాబు లేదు. సంస్థకు రాస్తే తొమ్మిది రోజులకు జవాబొచ్చింది, కోర్సు ముగిసిన తొంభై రోజులకు తుడిచేస్తామని. మన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల నిర్ధారిత సమ్మతి కావాలంటుంది. చట్టం సంగతి అలా ఉంచినా, తన పిల్లవాడి ముఖం ఎక్కడికి పోతోందో తెలుసుకునే హక్కు ఆ తల్లికి ఉంది. జవాబు వచ్చేదాకా నేను వీడియోలు ఆపేశాను, అందువల్ల నాకు ఒక మెంటర్ సమావేశం పోయింది.

వారం చివరి పరీక్షలు మరీ తేలిక, పాఠం వినకుండానే రాయవచ్చు. ధ్రువపత్రం మీద గంటలు వేసి ఇస్తారు గానీ, మా బడిలోనే పనిచేసే స్పీచ్ థెరపిస్టుకు అవి సీఆర్‌ఈ పాయింట్ల కింద పనికిరాలేదు, ఆమె ముందే విచారించుకుని చేరడం మానుకుంది. పాయింట్లు అవసరమైనవాళ్లు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ మేధో వైకల్య సంస్థ లాంటి చోట్ల, మండలి ఆమోదంతో జరిగే కార్యక్రమాలను చూసుకోవడం మంచిది.

ఈ కోర్సును ఎవరికి సిఫారసు చేస్తానంటే, ఇప్పటికే రెండు మూడేళ్లు పిల్లలతో పనిచేసి, ఎక్కడ ఇరుక్కుపోతున్నారో తమకు తెలిసినవాళ్లకు. డిగ్రీ ఇప్పుడే పూర్తయినవాళ్లు ఈ డబ్బు దాచుకుని, ముందు ఒక మంచి సీనియర్ దగ్గర ఏడాది పనిచేయడం మేలు. ఏ సంస్థ కోర్సైనా సరే, చేరే ముందు మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి: నా పనిని ఎవరైనా చూసి దిద్దుతారా, పిల్లల వీడియోలను ఎన్నాళ్లు ఉంచుతారు, రికార్డు చూసినవాళ్లకు పూర్తి గంటలు లెక్కిస్తారా అని. మొదటి ప్రశ్నకు అవునని జవాబు రాకపోతే చేరాల్సిన అవసరం లేదు.

రెండో భాగం కోర్సులో చేరమని సంస్థ నుంచి రెండు మెయిళ్లు వచ్చాయి. నేను చేరలేదు. రికార్డు పాఠాలు, అమెరికా చట్టం లేకుండా, మెంటర్ సమావేశాలు మాత్రమే విడిగా కొనుక్కునే వీలుంటే బడులు తెరిచే జూన్‌లో చేరతానని వాళ్లకు రాశాను. నేను తెలుగులోకి రాసిన అనుమతి పత్రాన్ని కూడా దానికి జతచేసి, తెలుగు తల్లిదండ్రులకు దాన్నే వాడమని అడిగాను.